అయిదున్నర బారల తీగ

ఆగస్టు 19, ఉదయం 6.40

ఈ ఉదయం 6 గంటల 10 నిమిషాలకు గట్టు మమ్మల్ని పిలిచింది. మేము జవాబు చెప్పాం. గట్టుకు వినిపించలేదు.

అది అన్న మాటలు ఇవి: "లంక తొమ్మిది. జవాబు లేదు. ఇది రెండో పిలుపు." ఆడగొంతు. పదకొండేళ్లుగా అదే గొంతు, అదే నెమ్మది.

మొదటి పిలుపు నిన్నటిది. దానికి కారణం తెలుసు. పదిహేడో తేదీ తుపానుకు మా రేడియో పెట్టె మాటను గాల్లోకి పంపే తీగ తెగిపోయింది. నిన్న పొద్దుటికి పెట్టెకు తీగే లేదు. మధ్యాహ్నం కొత్త తీగ కట్టాం. పాత తీగ కట్టిన కొబ్బరిచెట్టు కూలిపోయింది కాబట్టి రెండు సరుగుడు గడలు పాతి, మధ్యలో కేబుల్ వేలాడదీసి, అటూ ఇటూ రాగితీగ లాగాం. ఈ రోజు కారణం తెలియదు.

వరసగా ఏడు పిలుపులకు జవాబు రాకపోతే ఆ లంకలో మనుషులు లేరని గట్టు తేల్చుకుంటుంది. నది పాయలుగా చీలేచోట ఉండి, ఏ పాయలోకి ఎంత నీరు వదలాలో చూసుకునే యంత్రం అది. మనుషులున్న పాయలకు వరదను సమానంగా పంచుతుంది. మనుషుల్లేని పాయ ఉంటే మొత్తం అందులోకే వదులుతుంది. దానికి ఈ నియమం నేర్పిన ఇంజనీర్లు పన్నెండేళ్ల కింద గట్టు విడిచి వెళ్లిపోయారు. నియమం ఉండిపోయింది.

తూర్పు పాయలో ఉన్నది మేమొక్కళ్లమే. 187 మందిమి. తుపాను పడవలన్నిటినీ తీసుకుపోయింది. రేవులో పన్నెండు మెట్లుంటే ఏడు మునిగాయి. ఏడో పిలుపు ఆగస్టు 24న.

ఆగస్టు 20, సాయంత్రం 5.00

మూడో పిలుపుకూ జవాబు అందలేదు. తొమ్మిదో మెట్టు మునుగుతోంది.

ఈ రోజు మార్చినవి: బ్యాటరీ, కేబుల్, మైకు. మార్చినా తేడా లేదు. గట్టు మాట మాత్రం మాకు స్పష్టంగా వినిపిస్తోంది. అందరినీ తికమక పెడుతున్నది అదే. లంక పెద్ద భూలోకం గారు పెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నారు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు.

"చెవి బాగుండి నోరు పడిపోద్దా ఎక్కడైనా? వినపడతందంటే తీగ బాగున్నట్టే," అన్నారు.

"నాన్న అలా అనేవోడు కాదు తాతా," అంది వీరవేణి. పెట్టె నడిపేది ఆమె. వయసు ముప్పై నాలుగు. పాత తీగ కట్టిన తాతారావు కూతురు. తాతారావు పోయి నాలుగేళ్లయింది. "వినడానికి ఏ తీగ ముక్కైనా సరిపోద్దంట. మాట్లాడాలంటే పొడుగు నప్పాలంట. నప్పకపోతే పెట్టె తన గొంతు తనే తగ్గించేసుకుంటదంట, కాలిపోతానేమోనని భయపడి."

"పెట్టెకి భయమేంటే?"

"మనకి లేదా?"

భూలోకం గారు పీట పెట్టెకు దగ్గరగా జరుపుకున్నారు. తర్వాత, "పదకొండేళ్లు రోజూ పొద్దున్నే ఉన్నారా అని అడిగింది. నా పెళ్లాం కూడా అంత శ్రద్ధగా అడగలేదు. ఇప్పుడు అదే మనల్ని లేరంటంది," అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు సాగలేదు.

గొంతు తగ్గిందో లేదో చూపించే ముల్లు పెట్టె మీద ఒకటుండేది. మూడేళ్ల కింద విరిగింది. కాబట్టి చూడ్డానికి వీల్లేదు. పొడుగు మాత్రం చూడగలం. తీగ మొదట కట్టిన రోజు ఈ పుస్తకంలోనే నేను రాశాను: ఒక్కో పక్క అయిదున్నర బారలు. వీరవేణి తీగ దింపి, చేతులు బారచాపి మళ్లీ కొలిచింది. అయిదున్నరే. తేడా లేదు.

నడిమి పాయలో ఉండిన లంక నాలుగు గురించి రాయాలి, ఎందుకంటే అందరూ దాని గురించే ఆలోచిస్తున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. మూడేళ్ల కింద వాళ్ల పెట్టె కాలిపోయింది. ఏడో పిలుపు అయిన పన్నెండు రోజులకు నేను పడవలో అక్కడికి వెళ్లాను. వాళ్ల చివరి లెక్క 93 మంది. నాకు కనిపించినవి ఆరు గోడలు, దిగువకు వంగిన ఒక చేతిపంపు, ఒక తుపాను షెల్టరు. షెల్టరు కప్పు మీద జానెడు మందాన ఇసుక ఉంది. మా షెల్టరు కూడా అదే ఎత్తు. ఆ వరద తెచ్చిన ఇసుకతో నడిమి పాయ పూడిపోయింది. ఇప్పుడు మిగిలినవి రెండు పాయలే, మాదీ, పడమటిదీ.

ఆగస్టు 21, సాయంత్రం 4.30

నాలుగో పిలుపు పోయింది. కానీ ఈ రోజు ఒక మంచి విషయం జరిగింది.

ఉదయం 11 గంటలకు పెట్టెలో ఏసుబాబు దొరికాడు. పడమటి పాయలో లంక ఏడు ఉంది, ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ పెట్టె నడిపేది అతనే. ఆరేళ్లుగా పరిచయం. తుపానుకు ముందు రోజూ మాట్లాడుకునేవాళ్లం.

"అక్కా, మీ మాట చీమ నడిచినట్టుంది. చెవి ఆనించి వింటే గానీ తెలవట్లేదు," అన్నాడు.

గట్టుకు మా తరఫున చెప్పమని అడగలేదు. అడిగి ప్రయోజనం లేదు. ఒక్కో పెట్టెకు ఒక గుర్తు ఉంటుంది, ఒక పెట్టె నుంచి రెండు లంకల లెక్క గట్టు తీసుకోదు. అడిగింది వేరే. "మేము తీగ సవరిస్తాం. నువ్వు విని పెరిగిందో తగ్గిందో చెప్పు."

"దానికేం అక్కా. నాకు చూత్తే మీ తీగ పొడుగెక్కువైనట్టుంది. ఓ జానెడు కోసి చూడండి."

కోశాం. రెండు పక్కలా జానెడు చొప్పున. "పెరిగింది," అన్నాడు. ఇంకో జానెడు కోశాం. "ఇంకా పెరిగింది." మూడోసారి కోశాక, "ఇప్పుడు గుళ్లో గంట కొట్టినట్టుందక్కా," అన్నాడు. సమయం 3.50.

వీరవేణి కన్నీళ్లు తుడుచుకుంది. కోసిన ముక్కలు ఒక డబ్బాలో వేసింది. రాగి దొరకదు, పారేయం. మూడు రోజుల తర్వాత ఈ సాయంత్రం జనం పొయ్యిలు వెలిగించుకున్నారు. చింతచిగురు, ఎండురొయ్యల కూర వాసన పెట్టె గది దాకా వచ్చింది.

పదో మెట్టు మునిగింది.

ఆగస్టు 22, ఉదయం 10.20

అయిదో పిలుపు: "లంక తొమ్మిది. జవాబు లేదు." గంట కొట్టినట్టున్న మాట అరవై కిలోమీటర్ల అవతల గట్టుకు చేరలేదు.

నేను పాతికేళ్లు పత్రికలో పనిచేశాను. చేరిన మొదటి వారంలో నేర్పిన సూత్రం: ఒకే నోటి మాట వార్త కాదు, ఇంకో చోట సరిచూసుకో. నిన్న ఒకే నోటి మాట మీద మూడుసార్లు తీగ కోయించాను. రెండో చెవి మాకు లేదు. కాబట్టి ఆ నోటినే పరీక్షించాలి.

9.30కి ఏసుబాబును పిలిచాను. వీరవేణి కత్తెర పట్టుకుంది. నేను తల అడ్డంగా ఊపి, కత్తెర కింద పెట్టించాను.

"ఏసుబాబూ, ఇంకో జానెడు కోశాం. ఎలా ఉంది?"

"ఆయ్, బాగా పెరిగిందక్కా. అలాగే ఇంకోటి కోసేయండి."

కాసేపు ఆగి, మళ్లీ అడిగాను. "ఇంకోటి కోశాం. ఇప్పుడు?"

"ఇంకా పెరిగింది. దగ్గరికొచ్చేశారు."

ఏమీ కోయలేదు. తీగ కదపనైనా లేదు.

మాట్లాడేటప్పుడు నొక్కే మీట వదిలేశాను. వీరవేణి నా వైపు చూసింది. "పిన్నీ, ఆయనకేం పని, మనకి అబద్ధం చెప్పి?" అంది. నేను జవాబు చెప్పేలోపే ఆమెకే తెలిసింది. ముఖంలో కనిపించింది. మేము లేమని గట్టు అనుకుంటే పడమటి పాయకు చుక్క వరద రాదు.

 

ఆగస్టు 22, సాయంత్రం 6.00

తప్పు నాది కూడా. ఇక్కడ రాసి ఉంచాలి.

మధ్యాహ్నం పుస్తకం వెనక్కి తిరగేసి, పదకొండేళ్ల కిందటి పేజీ తీశాను. "ఒక్కో పక్క అయిదున్నర బారలు." నా చేతిరాతే. ఆ రోజు తీగ రెండో కొస పట్టుకున్నది కూడా నేనే. ఎవరి బారో రాయలేదు. ఆ రోజు చేతులు చాచింది తాతారావు. ఆరడుగుల పైచిలుకు మనిషి. మొన్న చేతులు చాచింది వీరవేణి. ఆమె తండ్రి భుజం దాకానే వచ్చేది.

ఇక్కడ తాడైనా వలైనా తీగైనా బారతోనే కొలుస్తారు. ఎవరి పడవకు వాళ్ల చేతులే కొలత. తాడు నాలుగు వేళ్లు అటూ ఇటూ అయితే చేపకు తెలియదు. అందుకే ఆ రోజు నాకూ అడగాలనిపించలేదు.

కుట్టుమిషను దగ్గర టేపు ఉంది. టేపుతో ఎంత కొలవాలో చెప్పే మనిషి లేడు.

"మీ నాన్న చొక్కా ఏదైనా ఉందా?" అన్నాను.

"మనిషితోనే పంపేశాం పిన్నీ."

భూలోకం గారు బీడీ ఆర్పి చెవి వెనక పెట్టుకున్నారు. "చొక్కా ఎందుకే? ఆడు అల్లిన పెద్దవల నా అటక మీద ఉంది. పై తాడుకి, తేలడానికి, బారకో బెండు కట్టేవోడు. ఆడి చెయ్యి ఆ తాడు మీదే ఉంది," అన్నారు.

వల దింపి రోడ్డు మీద పరిచాం. బెండుకూ బెండుకూ మధ్య దూరం టేపుతో పదిచోట్ల కొలిచాను. తక్కువలో తక్కువ 180 సెంటీమీటర్లు, ఎక్కువలో ఎక్కువ 184. సగటు 182. వీరవేణి బార 154. అయిదున్నర బారలకు తాతారావు లెక్కలో పది మీటర్ల ఒక సెంటీమీటరు. మొన్న మేము కట్టింది ఎనిమిదిన్నర మీటర్లు. నిన్న కోశాక ఎనిమిది కూడా లేదు. పెంచాల్సిన తీగను ఏసుబాబు తగ్గించమన్నాడు. నిన్న వీరవేణి డబ్బాలో వేసిన ముక్కలు, పంపు మోటారు చుట్టలోంచి తీసిన రాగి కలిపి మెలేసి, టంకం వేసి, పింగాణీ గుండ్లకు కట్టి 5.40కి పైకి లాగాం. గడలను పట్టుకోవడానికి తాళ్ల దగ్గర పద్నాలుగు మంది నిలబడ్డారు. గాలి బలంగా ఉంది.

ఏసుబాబుకు ఏమీ చెప్పలేదు. ఈ సాయంత్రం మీట కూడా నొక్కలేదు.

ఆగస్టు 23, ఉదయం 6.35

6.10కి గట్టు పిలిచింది. "లంక తొమ్మిది, ఉన్నారా?"

వీరవేణి మీట నొక్కి, "ఉన్నాం. నూట ఎనభై ఏడు మంది," అంది. గొంతు స్థిరంగా ఉంది.

వదలగానే, మా మాట వెళ్లే దారిలోనే, పెట్టెలోంచి ఈల వినిపించింది. సన్నగా, ఆగకుండా. తుపాను గోల కాదు, తుపాను ఈల అలా ఒకే శ్రుతిలో ఉండదు. వీరవేణి మళ్లీ చెప్పింది. ఈల ఉంది. మూడోసారి అరిచి చెప్పింది. ఈల ఉంది. 6.12కి ఆగింది. గట్టు వినేది ఆ రెండు నిమిషాలే.

గట్టు అన్నది ఇది: "లంక తొమ్మిది. శబ్దం అందింది. మాట అందలేదు. జవాబు లేనట్టు పరిగణిస్తున్నాను. ఇది ఆరో పిలుపు."

ఆరు రోజుల్లో గట్టు "అందింది" అనడం ఇదే మొదటిసారి. తీగ సరిపోయింది. మా మాట మీద ఎవరో కూర్చున్నారు: తమ పెట్టె మీట నొక్కి పట్టుకుని, ఆ ఈల కింద మాటను అణిచేశారు.

భూలోకం గారు లేచి బయటికి వెళ్లారు. వెళ్తూ, "నీళ్లొచ్చి పోవడం వేరు. మనిషి తోత్తే పోవడం వేరు," అన్నారు.

పదకొండో మెట్టు మునిగింది.

ఆగస్టు 23, మధ్యాహ్నం 1.15

11.40కి ఏసుబాబును పిలిచాను. మొదటి పిలుపుకే పలికాడు. కింద రాసినది జరిగినట్టే రాశాను.

"మీట నొక్కి పట్టుకున్నది నువ్వేనా?"

"నేనే అక్కా." కాదంటాడనుకున్నాను. "ఇప్పుడు మీ మాట నిజంగానే గంటలా వత్తంది. తీగ సరిచేసుకున్నారు కదా."

"చేసుకున్నాం."

"మా దగ్గర మూడొందల నలభై మంది. సగం వరదొత్తే మా దిగువ వీధి పోద్ది. డెబ్భై ఇళ్లు."

"ఇళ్లు పోతాయి. మనుషులు మెరక వీధికి నడిచి వెళ్లొచ్చు."

"వెళ్లొచ్చు."

"మాకు నడవడానికి మెరక లేదు ఏసుబాబూ. నీకు తెలుసు."

  వాదించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. లంక జాబితా ఉంది. తీసి చదవడం మొదలుపెట్టాను. ఒకటో ఇంటి నుంచి, పేరు, వయసు, చేసే పని. అభిప్రాయాలు కలపలేదు.

ముప్పై పేర్ల దగ్గర, "అక్కా, చాలు," అన్నాడు. చదివాను. అరవై దాటాక, "నాకు తెలీదా మీరున్నారని? ఎందుకు చదువుతున్నారు?" అన్నాడు. చదివాను. అతను పెట్టె ఆపేయొచ్చు. ఆపలేదు. ఆ సంగతి కూడా రాసుకున్నాను.

నూట పన్నెండో పేరు పాలెపు నరసమ్మ, అరవై ఎనిమిదేళ్లు, వలలు బాగుచేస్తుంది.

"ఆవిడింకా ఉందా?" అన్నాడు.

నరసమ్మ నా పక్కనే నిలబడి ఉంది. మైకు లాక్కుంది. "ఎవడ్రా అది, అరటిపళ్ల ఏసుబాబా? రేవులో కుర్రోడిగా చూశాను నిన్ను. గొంతేంటి, ముసలోడి గొంతైపోయింది?"

"నిద్ర లేదు నరసమ్మమ్మా."

"నాకూ లేదు. నేనేం చేశాన్రా నిద్ర లేకపోవడానికి?"

 మైకు తీసుకుని నూట పదమూడు నుంచి చివరి దాకా చదివాను. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. చివరి పేరు రెండేళ్ల పిల్లది. పని అన్నచోట ఏమీ లేదు, అలాగే చదివాను.

"నన్నేం చేయమంటారు?" అన్నాడు.

"రేపు 6.10 నుంచి 6.12 దాకా మీట మీద చెయ్యి తీసెయ్."

"ఇక్కడున్నది నా చెయ్యి ఒక్కటే కాదక్కా."

అప్పుడు అతని వెనక ఇంకో మగగొంతు వినిపించింది. మాటలు తెలియలేదు. కుర్చీ జరిగిన చప్పుడు. ఏసుబాబు దగ్గరగా, తొందరగా అన్నాడు: "నేను తీసేత్తాను. మాట."

12.11కి వాళ్ల పెట్టె ఆగిపోయింది. ఆపింది అతనో ఇంకొకరో తెలియదు. ఆ తర్వాత మూడుసార్లు పిలిచాను. జవాబు రాలేదు.

ఆగస్టు 23, సాయంత్రం 5.30

పన్నెండో మెట్టు సగం తడిసింది. ఎగువ నుంచి వస్తున్న నీరు నిన్నటికంటే ఎక్కువని, రేపు ఉదయం 6.30కి గేట్లు తెరుస్తానని గట్టు 5 గంటల ప్రకటనలో చెప్పింది.

ఏసుబాబు ఇచ్చిన మాటను ఇక్కడ నమోదు చేశాను. వార్తగా చేయలేదు. ఒకే నోటి మాట అది, ఆ నోరు మొన్న అబద్ధం చెప్పింది. పరీక్షించడానికి ఇప్పుడు దారి లేదు. ఎవరైనా నమ్ముతున్నారా అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను. నరసమ్మ నమ్ముతున్నానంది. భూలోకం గారు, "నమ్మక ఏం చేత్తాం," అన్నారు. వీరవేణి గోడవైపు తిరిగి, రేపు చెప్పాల్సిన వాక్యాన్ని మెల్లగా అనుకుంటోంది. అయిదే మాటలు. మర్చిపోయేవి కావు.

నేనెలా ఉన్నానో కూడా రాయాలి. మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. షెల్టరు కప్పు మీద జానెడు ఇసుక పదేపదే గుర్తొస్తోంది.

రేపటి క్రమం ఇది. ఉదయం 4.30కి పిల్లలనూ నడవలేనివాళ్లనూ షెల్టరు కప్పు మీదికి ఎక్కిస్తారు. అక్కడ తొంభై మంది పడతారు. మిగిలినవాళ్లు కొబ్బరిచెట్లకు తాళ్లు కట్టుకుంటారు. 5.45కి తీగ తాళ్ల దగ్గర పద్నాలుగు మంది నిలబడతారు. 6.10కి గట్టు ఏడోసారి పిలుస్తుంది. వీరవేణి జవాబు చెబుతుంది. గట్టు 6.12 వరకు వింటుంది. 6.30కి గేట్లు తెరుచుకుంటాయి, రెండు పాయలవీ లేదా ఒక్క మా పాయవి. తెరుచుకున్న నీరు ఇక్కడికి 11.30కి చేరుతుంది.